లేస్తే నడిపిస్తారని లేవని మనిషి

కరోనా పోయిన రెండో ఏడు. మిరప కోతలు ముగిసి కాయ కల్లాల్లో ఎండుతున్న రోజులు. గుంటూరు బ్రాడీపేటలో ఒక వెల్‌నెస్ సెంటర్‌లో నేను అటెండెంట్‌ని. అటెండెంటంటే మంచాన పడ్డ మనిషికి ఒళ్లు తుడిచి, పక్క తిప్పి, తినిపించి, బెడ్‌పాన్ పెట్టి తీసే మనిషి. నా మొగుడు పోయాక ఈ పనిలోకి దిగాను. నాకు సంతకం తప్ప రాత రాదు. ఇది నేను నోటితో చెబుతుంటే రాసిపెట్టిందే. నా మాట మోటు. చదివేవాళ్లు సర్దుకోవాలి.

మా సెంటర్ బోర్డు మీద మూడు మాటలున్నాయట: శరీరం, మనసు, ఆత్మ. మూడింటికీ కలిపి ఒకటే ప్యాకేజీ. శరీరానికి ఫిజియోథెరపిస్టు, మనసుకి కౌన్సెలర్ మేడం, ఆత్మకి యోగా సారు. ముగ్గురూ వచ్చో, ఫోనులోనో చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటారు. వాళ్లు చెప్పినవన్నీ ఇరవై నాలుగు గంటలూ చేయించాల్సింది మాత్రం నేను.

నన్ను పర్చూరు దగ్గరి ఒక ఊరికి పంపారు. పేషెంటు వెంకాయమ్మ గారు, అరవై ఐదు దాటిన రైతు మనిషి. కల్లంలో కాయ తిరగేస్తుంటే కింద పరిచిన పట్టా అంచు కాలికి తట్టుకుని పడింది. తుంటి విరిగింది. ఆపరేషన్ చేసి లోపల రాడ్ వేశారు. నేను వెళ్లేసరికి ఎముక అతుక్కుందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పేశారు. ఇక వెయిట్ బేరింగ్ మొదలుపెట్టాలి, అంటే ఒంటి బరువు మెల్లగా ఆ కాలి మీద ఆనించాలి. "మూడు వారాల్లో వాకర్ పట్టుకుని నడుస్తూ రావాలి. ఇలాగే పడుకుంటే పుండ్లు పడతాయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. ఆ తర్వాత లేపుదామన్నా లేవదు" అన్నారట. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. వెంకాయమ్మ గారికి ఇంకా బాగా తెలుసు.

తెలిసీ లేవదు. అదీ నా ప్రాణానికి వచ్చింది.

ఫిజియో స్వాతి మేడం రోజు మార్చి రోజు స్కూటీ మీద వచ్చేది. మంచి పిల్ల. మోకాలు వంచమంటే వెంకాయమ్మ గారు వంచేది, పాదం ఆడించమంటే ఆడించేది. మంచం మీద అన్నీ చేసేది. నిలబడమంటే మటుకు ఒళ్లు కొయ్యబారిపోయేది. "నొప్పా అమ్మా?" అంటే "లేదు." "భయమా?" అంటే "లేదు." ఇంకేం అడుగుతాం?

మధ్యాహ్నం కౌన్సెలర్ మేడం వీడియో కాల్. ఫోను నేను పట్టుకుని నిలబడాలి. చేతులు పడిపోయేవి.

"మీ చిన్నతనం గురించి చెప్పండమ్మా."

"పత్తి తీశాను."

"అది కాదమ్మా, సంతోషమైన జ్ఞాపకం ఏదైనా..."

"పత్తి తీయడం అయిపోయిన రోజు."

మేడం ఏదో రాసుకునేది. సాయంత్రం యోగా సారు గొంతు ఫోనులో వినిపించాలి. "కళ్లు మూసుకోండి. మీరు సముద్రపు ఒడ్డున ఉన్నారు. గాలి వీస్తోంది. అలలు మీ వైపు వస్తున్నాయి..." వెంకాయమ్మ గారు ఠక్కున కళ్లు తెరిచేది. "ఏమే నాగమ్మా, తుఫానా ఏంది? పోయి కాయ మీద పట్టాలు కప్పమను."

నవ్వొచ్చేది కానీ నవ్వడానికి లేదు. మడమ ఎర్రబారుతోంది. మంచానికి ఒత్తుకుని పడే పుండుని బెడ్‌సోర్ అంటాం. అది ముందు ఎరుపుగానే మొదలవుతుంది. మడమ కింద మెత్త పెట్టి, రెండు గంటలకోసారి పక్కకి తిప్పేదాన్ని. ఎన్ని మెత్తలు పెడితే మాత్రం నిలబడిన దానికి సమానమవుతుందా?

రెండో వారంలో ఒకరోజు స్వాతి మేడం, నేను చెరో వైపు పట్టుకుని ఆమెను మంచం అంచున కూర్చోబెట్టాం. ఆ రోజు ఏ దేవుడు కరుణించాడో, తనే వాకర్ పట్టుకుంది. పాదం నేల మీద ఆనింది. నడుము మంచం నుంచి జానెడు లేచింది. సరిగ్గా అప్పుడే ఆమె ఆడపడుచు సీతారావమ్మ గారు గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించి అరిచింది.

"లేస్తంది! మా వదిన లేస్తంది! ఆంజనేయస్వామీ, నీ నూటెనిమిది ప్రదక్షిణలకీ వస్తంది తండ్రీ!"

వెంకాయమ్మ గారు దబ్బున కూలబడింది. మళ్లీ ఎంత బతిమాలినా లేస్తే ఒట్టు.

మేడం వెళ్లిపోయాక నాకు తిక్క రేగింది. కాళ్లకి నూనె రాస్తూనే అడిగేశాను. "నీ కాలు బాగుంది, నీ చెయ్యి బాగుంది, నోరు మరీ బాగుంది. ఎందుకు లేవవమ్మా? నాతో చాకిరీ చేయించుకోవడం బాగుందా?"

ఆమె గుమ్మం వైపు చూసింది. "తలుపు వెయ్యి. ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యెయ్యి" అంది. వేశాను. వేళ్లు మడిచి చెప్పుకొచ్చింది.

"నేను ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కుకున్నారే వీళ్లంతా. మా అబ్బాయి, నేను లేస్తే గుంటూరు నుంచి పెదకాకాని శివాలయానికి చెప్పుల్లేకుండా నడిపించుకొస్తానన్నాడు. మా ఆడపడుచు, నేను లేస్తే నా చేత నూటెనిమిది ప్రదక్షిణలు చేయిస్తానంది. పక్కింటి మస్తాన్‌బీ, నేను లేస్తే నా తలమీద చాదర పెట్టించి దర్గా దాకా నడిపిస్తానంది."

"అయితే?"

"అయితే ఏందే? లేస్తే నడిపిస్తారు."

"వద్దని చెప్పొచ్చుగా?"

"ప్రేమతో మొక్కారే, ఎట్టా వద్దంటాను? లేచాక నేను నడవలేకపోయానే అనుకో, మొక్కు చెడుద్ది. ఆ చెడు నా మనవడికి తగిలితే? ముగ్గురూ 'లేస్తే' అనే మొక్కారు. లేవలేదనుకో, ఏ దేవుడికీ కోపం రాదు."

ఆమె చెప్పిన లెక్కని మనసులో మళ్లీ వేసి చూశాను. ఎక్కడా పొల్లు లేదు. ప్లీడర్లు కూడా అంత లెక్కగా మాట్లాడరు. మనిషి తన ప్రాణం మంచానికి ఇచ్చి మనవడికి అడ్డం పడుకుంది. ఇంట్లోవాళ్లేమో రోజూ వచ్చి, త్వరగా లేవాలి, త్వరగా లేవాలి అని తలకాయ తింటున్నారు.

అన్న మాట తప్పకుండా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కాల్‌లో కౌన్సెలర్ మేడంకి మటుకు చెప్పాను, ఆమె పనే అది కదా అని. "అది నెగెటివ్ థింకింగ్ నాగమ్మా. రోజూ పొద్దున్నే 'నేను నడవగలను' అని పదకొండుసార్లు అనిపించు" అంది.

"ఆమె భయమే అదమ్మా, నడవగలనని!" అన్నాను. సిగ్నల్ పోయిందో, ఆమే పెట్టేసిందో.

సెంటర్‌లో ఉండే పేషెంటు ఫైలులో మూడు గళ్లుంటాయి. కాలు ఎంత వంగింది, మనసు ఎలా ఉంది, ధ్యానం ఎన్ని నిమిషాలు. మొక్కులకు గడి లేదు. ఆత్మ అనే గడిలో యోగా సారు 'పదిహేను నిమిషాలు' అని రాసుకుంటూ పోతున్నాడు. ఆ ఆత్మ మీద ముగ్గురు దేవుళ్ల బరువుందని ఆయనకి తెలియదు. నాకు తెలిసినా రాయడం రాదు.

మూడోనాటికి మడమ మీద బొబ్బ లేచింది. చేతిలో చెయ్యేసిన ఒట్టు ఆ బొబ్బతోనే పోయింది. ఆ సాయంత్రం అరుగు మీద కాయ కుప్పపోసుకుని సీతారావమ్మ గారు, మస్తాన్‌బీ తొడిమలు తీస్తున్నారు. కొడుకు శ్రీనివాసరావు బస్తాలు కుడుతున్నాడు. వెళ్లి వాళ్ల మధ్య కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. వెంకాయమ్మ గారి గది కిటికీ ఆ అరుగు మీదకే. వినపడుతుందని తెలిసే అన్నాను.

"మొక్కినవి మీ నోళ్లు. నడిచేవి ఆమె కాళ్లా?"

సీతారావమ్మ గారికి కోపం ముక్కు మీద ఉంటుంది. "జీతానికొచ్చినదానివి, మొగుడు పోయినదానివి, దేవుడి మాటల్లో నీకేం పనే?" అంది.

"మొగుడు పోయినదాన్ని కాబట్టే చెబుతున్నానమ్మా" అన్నాను. "ఆయన మంచాన పడ్డప్పుడు నేనూ మొక్కాను. లేస్తే మోకాళ్ల మీద కొండ మెట్లెక్కిస్తానని, ఆయన తల దగ్గరే నిలబడి గట్టిగా మొక్కాను. నా మోకాళ్లు కాదు, ఆయన మోకాళ్లు. అన్నీ విన్నాడు. ఒక్కమాట అనలేదు. పోయాడు. జబ్బుకే పోయాడు, నాకు తెలుసు. అయినా ఆయన ఏమనుకున్నాడో ఇప్పుడు ఎవరిని అడగను?"

ఇది నేను అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఆ కాయ ఘాటుకి అందరూ దగ్గుతున్నారు.

మస్తాన్‌బీ ముందు లేచింది. కిటికీ దగ్గరికి పోయి, "అక్కా, చాదర నా తలమీద పెట్టుకుని నేనే నడుస్తా, నీ పేరు చెప్పుకుని. నువ్వు ఇంట్లో కూర్చుని దువా చెయ్యి, చాలు" అంది. శ్రీనివాసరావు సూది పక్కన పడేసి, "అమ్మా, పెదకాకాని నేను నడుస్తా. నువ్వు కారులో రా" అన్నాడు.

అందరం సీతారావమ్మ గారి వైపు చూశాం.

"నూటెనిమిదే! నా మోకాళ్ల సంగతి మీకు తెలియదా?" అంది.

"మొక్కేటప్పుడు ఆమె తుంటి సంగతి మీకు తెలియదా?" అన్నాను.

లోపలి నుంచి వెంకాయమ్మ గారు కిసుక్కున నవ్వింది. ఆ ఇంట్లో ఆమె నవ్వు వినడం అదే మొదలు. సీతారావమ్మ గారు గొణుక్కుంటూనే లేచి, శనివారానికి పదకొండు చొప్పున తనే తిరుగుతానని ఒప్పుకుంది.

నవ్వింది కానీ వెంకాయమ్మ గారు అంత తేలిగ్గా నమ్మే మనిషి కాదు. "అరుగు మీద అంటే చాలదు. దేవుడు వినాలి" అంది. దేవుడి గూట్లో దీపం వెలిగించి, సీతారావమ్మ గారు, శ్రీనివాసరావు లెంపలేసుకున్నారు. మస్తాన్‌బీ కొంగు తలమీదకి లాక్కుని, చేతులు పట్టి, తన మాట తన దేవుడికి చెప్పుకుంది. మంచం మీద నుంచి వెంకాయమ్మ గారు ఒక్కొక్కరి మాటా విని, "ఇంకోసారి గట్టిగా అను" అని అనిపించుకుంది.

తెల్లారేసరికి లేచి పరిగెత్తిందని అనుకోకండి. మూడోరోజు, స్వాతి మేడం పది లెక్కపెట్టేదాకా వెంకాయమ్మ గారు నిలబడింది. చెమటలు పట్టాయి. మర్నాడు ఇరవై. తర్వాత వాకర్‌తో నాలుగు అడుగులు, నొప్పికి నన్ను నానా బూతులు తిడుతూ. ఆ తిట్లు నాకు హాయిగా ఉన్నాయి. బొబ్బ మానడం మొదలైంది. డాక్టరు గదిలోకి వాకర్ పట్టుకుని నడిచే వెళ్లింది. మా సెంటర్ వాళ్లు అది ధ్యానం ఫలితమని చెప్పుకున్నారు. చెప్పుకోనీ.

నేను ఆ ఇల్లు వదిలే ముందురోజు పొద్దున, అలవాటుగా పాన్ పట్టుకుని వెళ్లాను. వెంకాయమ్మ గారు మంచం దిగి వాకర్ పట్టుకుని, బాత్రూమ్ దాకా వెళ్లింది. నేను వెనకే లోపలికి పోబోతే, "నువ్వు బయటే ఉండవే" అని తలుపు వేసుకుంది. అన్ని వారాల తర్వాత ఆమె ఒక్కతే ఉన్న గది అది.

ఈ పనిలో ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి నొప్పి అని అందరం అడుగుతాం. అది పడ్డ రోజు సంగతి. లేచిన రోజున ఆ మనిషి కోసం ఏం కాచుకుని ఉందో ఎవరూ అడగరు. నేను ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, ఇంట్లోవాళ్లు మందుల చీటీ చూపించకముందే వాళ్లను అరుగు మీదకి పిలిచి అడుగుతాను. "ఈ మనిషి లేస్తే మీరు ఏం చేయించాలనుకుంటున్నారు?" ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ చూపులను బట్టే అక్కడ నాకు ఎన్నాళ్ల పని ఉందో తెలిసిపోతుంది.