మా తాతగారి పంటి గుర్తు

స్వర్గస్థులైన మా తాతగారి పరువు ఒక్క పన్నుతో తీసి, మా ఆవిడ చేతికి జీవితాంతం సరిపడా ఆయుధం అందించిన ఘనుణ్ణి నేను. ఆ ఘోరం చెబుతాను. నోట్లో కిళ్ళీ ఉంటే ముందు ఉమ్మేసి రండి.

బావమరిది కూతురి పెళ్ళి. చర్చిలో వాక్యం చదివే గౌరవం నాది. ఇబ్బందల్లా నా ఎడమ ముందు పన్ను లేకపోవడమే. "స" వచ్చిందంటే నా నోరు ప్రెషర్ కుక్కర్. వరండాలో రిహార్సల్ వేస్తే వీధికుక్కలన్నీ పిలిచామనుకుని వచ్చేశాయి.

నర్సీపట్నం డాక్టరమ్మ నా దవడ ఎముకలో స్క్రూ బిగించింది. అది కుదురుకున్నాక, పైన తొడిగే పన్నుకి కొలతలివ్వమంది. "శుభ్రంగా తోముకుని రండి అంకుల్. తర్వాత ఏమీ తినొద్దు."

తోముకున్నాను. కానీ దారిలో మాకవరపాలెం ఉంది. మాకవరపాలెంలో మా ఆవిడ పిన్ని ఉంది!

"ఏటల్లుడూ, గుమ్మందాకా వచ్చి ఊరికే ఎల్లిపోతావా? బెల్లంపాకం పట్టిన జీడిపప్పు. మన తోటదే."

"డాక్టరు తినొద్దంది అత్తయ్యగారూ."

"ఆయమ్మ సెప్పింది అన్నం గురించి. ఇది అన్నమా? బేగి తిను!"

దీనికి ఏ కోర్టులో జవాబుందో చెప్పండి. గుప్పెడు తిన్నాను. నా గుప్పెడు కాదు, ఆవిడది.

ఇదివరకు కొలతంటే నోట్లో ముద్ద కుక్కి, ప్రాణం కొండనాలుక దాకా తెచ్చేవారు. ఇప్పుడు పెన్నులాంటి కెమెరా తిప్పితే చాలు, నా పళ్ళు టీవీలో కోట గుమ్మాలంత కనిపించాయి.

"కుడి పన్నుని కంప్యూటర్ అద్దంలోలా తిప్పి ఎడమ పన్ను తయారుచేస్తుంది. మెషీన్ అచ్చం అలాగే చెక్కేస్తుంది" అంటూ డాక్టరమ్మ ఆగింది. "కుడి పంటి మీద ఈ బుడిపేంటి అంకుల్? ఏమైనా తిన్నారా?"

తిన్నానంటే పరువేం కాను? "అబ్బే! మా వంశంలో ఉన్నదే. మా తాతగారికీ ఉండేది."

"అయితే శుభ్రం చేసి చూస్తానుండండి."

"ముట్టుకోకండి!" రుమాలుతో లేని కన్నీళ్ళు కూడా ఒత్తుకున్నాను. "ఆయన గుర్తుగా మిగిలింది అదొక్కటే!"

పాపం, ఆ అమ్మాయి కళ్ళు చెమర్చాయి. "కొత్త పంటికీ అలాగే ఉంచుతాను అంకుల్."

పెళ్ళిరోజు పొద్దున్నే మా ఆవిడతో కలిసి వెళ్ళాను. డాక్టరమ్మ పన్ను తొడిగి అద్దం ఇచ్చింది. ఎడమ పంటి మీద ముచ్చటైన బుడిపె, కొండరాయంత గట్టిది. కుడి పన్ను గచ్చులా నున్నగా ఉంది.

"తాతగారి గుర్తేది అంకుల్?"

"నిన్న... తోముకుంటే పోయిందమ్మా."

డాక్టరమ్మ పాత స్కాన్ టీవీలో పెట్టి, పెద్దది చేసింది. వెయిటింగ్ హాల్లోవాళ్ళు కూడా తలలు పెట్టి చూశారు. మా ఆవిడ ఒక్క క్షణం పరికించింది.

"ఇది మా పిన్ని జీడిపప్పు కాదేటండీ?"

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, చిన్న చక్రంతో తాతగారిని అరగదీసి నున్నగా చేసింది. చర్చిలో వాక్యం దివ్యంగా చదివాను, ఒక్క కుక్కా రాలేదు. భోజనాల దగ్గర మాత్రం మా ఆవిడ పిన్ని జీడిపప్పు పళ్ళెం పట్టుకుని బంతి బంతికీ తిరిగింది. "తీసుకోండి, మా ఆయన తాతగారు!"

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట స్కానర్ ముందు అబద్ధమాడను, పైకెళ్ళినవాళ్ళని పళ్ళలో ఇరికించను. ఈ ప్రమాణం చేస్తున్నప్పుడు నా నోట్లో ఏమీ లేదు.

నమ్మకపోతే స్కాన్ చేసుకోండి.