మెట్ల దగ్గర బండికి చోటు

నా ఊపిరిని తన చేతిలో పట్టుకున్న దేవునికి స్తోత్రం. ఈ మాట ముందు చెప్పకుండా నా కథ మొదలుపెట్టలేను.

తొంభైల మొదట్లో మిర్యాలగూడలో ఒక ఆదివారం ఆరాధన ముగిసింది. చెప్పులు వేసుకొని నాలుగడుగులు నడిచాను. కుడికాలి చెప్పు వెనకే ఉండిపోయింది. జారిన సంగతే నాకు తెలియలేదు. నా భార్య మార్తమ్మ దాన్ని చేతబట్టుకొని వచ్చి, "ఇదేందయ్యా, కాలికి సోయి లేదా?" అని నవ్వింది. మూడో రోజుకు నేను మంచం దిగలేకపోయాను.

హైదరాబాదు ఆసుపత్రిలో వెన్ను నుంచి నీరు తీశారు, నరాల పనితీరు చూసే నర్వ్ కండక్షన్ టెస్టు చేశారు. డాక్టరు, "జీబీ సిండ్రోమ్, నరాలు చచ్చుబడే జబ్బు. ఊపిరి కండరాలకు పాకకుండా చూడాలి" అన్నారు. పాకింది. పదకొండు రోజులు వెంటిలేటర్ మీద, నోట మాట లేక, కీర్తనలు లోలోపలే చదువుకున్నాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, "ప్రాణానికి భయం లేదు. పాదం పైకి లేవని ఫుట్ డ్రాప్ మాత్రం మిగులుతుంది, కాలికి క్యాలిపర్ పట్టీ కట్టుకోకుండా నడవొద్దు" అన్నారు. నేను మొదటి మాటే విన్నాను. కోదాడ కూటాల్లో సాక్ష్యం చెప్పి, 'సంపూర్ణ స్వస్థత' అని కరపత్రం కూడా వేయించాను.

సూర్యాపేటలో నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసుకు గేటు నుంచి మెట్ల దాకా చాలా దూరం. పక్క చక్రాలు బిగించిన నా స్కూటరు గేటు బయటే ఆపాలి. ఆ దూరంలో రెండుసార్లు పడ్డాను, రెండోసారి మణికట్టు విరిగింది. ఇంకోసారి పడితే ఉద్యోగం పోతుందని భయం. మెట్ల దగ్గర బండి నిలుపుకోనివ్వమని అర్జీ రాసి, డాక్టరు సర్టిఫికెట్ జతచేసి, కవరులో పెట్టి ఇచ్చాను.

నెల దాటినా జవాబు లేదు. వాచ్‌మన్ యాదగిరి ఒకరోజు, "సారూ, నీకు మొత్తం మంచిగయిందట గదా? ఇగ పర్మిషనెందుకు?" అన్నాడు. వీడికెవరు చెప్పారు? మా సంఘ పెద్ద ఏసోబు అన్న అంతకుముందే, "స్వస్థత అని చెప్పిన నోటితోనే అవిటోణ్ణని రాసిస్తవా తమ్మీ?" అని అడిగి ఉన్నాడు. నాకు నయమైందని ఆఫీసుకు ఫిర్యాదు పెట్టింది ఆయనే అనుకున్నాను. ప్రభురాత్రి భోజనంలో ఆయన చేతి రొట్టెను ముఖం చూడకుండా తీసుకున్నాను.

చివరికి సూపరింటెండెంటు పిలిచి ఫైలు విప్పారు. "నయమైందని మీరే రాసిండ్రు, నడవలేనని మీరే రాసిండ్రు. ఏది నమ్మాలె?"

సర్టిఫికెట్ వెనక నా కరపత్రమే మడిచి ఉంది. ఏ కవరు ఇచ్చినా ఒక కరపత్రం పెట్టడం మా విశ్వాసుల అలవాటు. నా చెయ్యి ఆలోచించకుండానే ఆ పని చేసింది.

క్యాలిపర్ విప్పి చూపించాను. పాదం పైకి లేవలేదు. "ప్రాణం దేవుడు నిలిపిండు సార్. కాళ్లింక గిట్లనే ఉన్నయి. తొందరపడి ఎక్కువ రాసిన." ఆయన అర్జీ మీద సంతకం పెట్టారు.

మర్నాడు యాదగిరి గేటు రెండు రెక్కలూ తెరిచాడు. "ముందుగాల చెప్పొద్దా సారూ? ఫైలు సారు టేబుల్ మీదికి తీస్కపోతుంటె దాంట్ల నీ కరపత్రం చూసి, నువ్వు మంచిగైనవనే అనుకున్న."

ఏసోబు అన్న ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగాను. "నా మీదనా అనుమానం?" అని నవ్వి, "నీ కాళ్ల కోసం నేనింకా ప్రతి శుక్రవారం ఉపవాసముంటున్న రా" అన్నాడు.

ఇప్పటికీ నా బండి మెట్ల దగ్గరే ఆగుతుంది. నేను మళ్లీ పడలేదు. నాలాంటి వారికి ఒకే మాట: అర్జీ ఇచ్చే ముందు కవరులోని ప్రతి కాగితాన్నీ ఇంట్లో ఒకరిచేత చదివించండి.

నాతో కలిసి ప్రార్థించండి: ప్రభువా, నీవు చేసినంతే చెప్పే నోరు మాకివ్వు. పొరుగువాణ్ణి అనుమానించే ముందు మా కవరు మేమే విప్పి చూసుకునే బుద్ధినివ్వు. ఆమెన్.