గట్టి కడ్డీ

మా ఆయన మస్కట్ నుంచి తెచ్చినవి రెండు: ఒక గ్లూ గన్ను, "నాకు తెల్వదా" అనే మాట. గన్ను అప్పుడప్పుడైనా చల్లారేది.

అక్కడ ఆయన ప్యాకింగ్ గోదాములో సామాను మోసేవాడు. అట్టపెట్టెలు అతికించేవాళ్ల పక్క నుంచి రోజూ నడిచాడు కాబట్టి ఆ విద్య గాలికే ఒంటబట్టిందని ఆయన నమ్మకం. కోరుట్లలో ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి చీరల పెట్టెలు చేస్తానన్నాడు. ఎవరు కొంటారో మాత్రం ఆలోచించలేదు. సిరిసిల్లలో చీరల దుకాణం ఉన్న మా మేనమామను ఆర్డరు ఇమ్మని నేనే అడిగాను.

"నీ మాట మీద ఇస్తున్న బిడ్డా. పెండ్లిళ్ల సీజను, నా ఇజ్జత్ తియ్యద్దు," అన్నాడు. పుట్టింటి వైపు నా మాటకు అంత విలువుందని అప్పుడే తెలిసింది. నిజం చెప్పాలంటే పొంగిపోయాను.

గన్నులో పెట్టి కరిగించే గమ్ము కడ్డీల కోసం, అదే గ్లూ స్టిక్కుల కోసం, ఇద్దరం జగిత్యాల వెళ్లాం. "దేన్ని దేనికి అతికిస్తరు? అట్ట నున్నగుంటదా, గరుకుంటదా? ఎండల పెడ్తరా?" అని దుకాణాయన అడిగాడు. మా ఆయనకు అది అవమానంగా తోచింది.

"గమ్ము కొనేటందుకు గిన్ని ముచ్చట్లా? గట్టియి ఇయ్యి," అన్నాడు. తర్వాత ఒక్కొక్క కడ్డీని సంతలో వంకాయను నొక్కినట్లు నొక్కాడు, వాసన చూశాడు, వంచాడు. వంగినదాన్ని పక్కన పడేశాడు. "గిది మెత్తగున్నది. గిదేం పట్టుకుంటది?"

మన భాషలో గట్టి అనే మాటతో వచ్చిన తిప్పలివి. రాయీ గట్టిదే, అతుకూ గట్టిదే. నొక్కితే గట్టిగా తగిలింది కాబట్టి పట్టు కూడా గట్టిదే అని ఆయన లెక్క. ఆ లెక్కన గాజుసీసాను మించిన గట్టిది లేదు, కింద పడేదాకా.

ఆయన అతికించే తీరు చూసి తీరాలి. గన్ను సరిగ్గా వేడెక్కకముందే నొక్కడం మొదలుపెట్టేవాడు. పెట్టె అంచు పొడవునా గమ్ము గీత గీసి, మీసం సవరించుకొని, ఫోన్లో ఎవరితోనో కాసేపు మాట్లాడి, అప్పుడు అట్టను అట్టకు ఆనించేవాడు. వేడి గమ్ము ఎవరి కోసమూ ఆగదు. పెట్టిన వెంటనే నొక్కి పట్టాలి, చల్లారాక నొక్కితే పైపైనే అంటుకుంటుంది. ఆ మాటే అంటే "మస్కట్ల నువ్వున్నవా, నేనున్ననా?" అనేవాడు. గన్నును కొండగట్టు ఆంజనేయుడి గుడికి తీసుకెళ్లి బొట్టు కూడా పెట్టించాడు. వంగే కడ్డీ కొనమని అంజన్న మాత్రం ఆయనకు చెప్పలేదు.

పెట్టెలు ట్రాలీ ఆటోలో సిరిసిల్ల చేరాయి. మర్నాడే మామ ఫోన్ చేశాడు. పెళ్లివాళ్ల ముందు పెట్టె ఎత్తితే అడుగు ఊడి, చీర నేల మీద పడిందట.

"ఆటో కుదుపులకే గమ్ము పెచ్చులూడింది. సగం పెట్టెలు గట్లనే ఉన్నయి. వాపస్ పంపుత, మంచిగ చేసియ్యి. నీ మాట నమ్మితి గద బిడ్డా," అన్నాడు.

తిట్టినా బాగుండేది. నాకు తల కొట్టేసినట్లయింది. మా ఆయన మాత్రం రోడ్డును తిట్టాడు, డ్రైవరును తిట్టాడు, చివరికి చీర బరువును కూడా తిట్టాడు.

ఈసారి నేనొక్కదాన్నే జగిత్యాల వెళ్లి, కుదుపుకు పెచ్చులూడకుండా వంగే కడ్డీల్లోనే మూడు రకాలు తెచ్చాను. ఒక్కో రకంతో అట్టముక్కలు అతికించి, మిట్టమధ్యాహ్నం షెడ్డు రేకు మీద ఎండబెట్టి, తర్వాత లాగి చూశాను. ఒకటి ఎండకే జారిపోయింది. ఇంకొకటి అట్ట మీది నుంచి శుభ్రంగా ఊడొచ్చింది. మూడోదాన్ని లాగితే గమ్ము ఊడలేదు, అట్టే చిరిగింది. నాకు కావలసింది అదే.

"మంచి అట్టలు కరాబు చేస్తున్నవ్," అన్నాడు మా ఆయన, కుర్చీలోంచి లేవకుండానే.

అతుకు పడేచోట అట్ట మీది నున్నటి పొరను గీకి, గన్ను బాగా వేడెక్కాక, జానెడు గీసి జానెడు నొక్కుతూ పెట్టెలన్నీ మళ్లీ చేశాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

పెట్టెలతో పాటు ఇద్దరం సిరిసిల్ల వెళ్లాం. మామ ఒక పెట్టె నిండా చీరలు కుక్కి, ఎత్తి ఊపాడు. చెక్కుచెదరలేదు. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నాడు.

"నేను మొదటి నుంచే చెప్తున్న మామా, గమ్ము మంచిది చూసి తేవాలె అని. ఆడోళ్లు ఇంటరా?"

మామ నా చేతుల వైపు చూడనేలేదు. అల్లుడి భుజం తట్టాడు. "మొగోడు దగ్గరుండి చూస్కుంటె పని గిట్లుంటది. ఇగ నుంచి నీ మాట మీదనే ఇస్త అల్లుడా."

"గట్లనే ఇయ్యి మామా," అన్నాను. "ఇగ అతికించుడు గూడ ఆయనే చేస్తడు."

అది తమాషాకన్నాననుకొని మా ఆయన నవ్వుతూనే ఉన్నాడు. నేను చెప్పులేసుకొని బస్టాండుకు నడిచాను.