భూలక్ష్మి చేతిలో రెండు ఓట్లు

కృష్ణానగర్‌లో భూలక్ష్మిని ఎరగనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతోంది. పెళ్లి సీనులో అక్షింతలు వేస్తుంది, చావు సీనులో ఏడుస్తుంది. తెరమీద ఆవిడ ముఖం గుర్తుపట్టాలంటే మాత్రం ఆవిడే పక్కన కూర్చుని చూపించాలి.

ఎనిమిదేళ్ల కిందట ఒకే ఒక్క డైలాగు దక్కింది. యాస కుదరలేదని దాన్ని లాక్కుని, గుంటూరు నుంచి వచ్చిన విశాలాక్షికి ఇచ్చారు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. తప్పు విశాలాక్షిది కాదని భూలక్ష్మికి తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట చల్లారుతుందా?

జూనియర్ ఆర్టిస్టుల సంఘానికి ఓట్లు వచ్చింది మొన్నమొన్ననే. అంతకుముందు ఏజెంటు ఎవరిని పిలిస్తే వాళ్లకే పని. ఈ రెండో ఎన్నికలో, పదకొండు మంది కమిటీలో ఆంజనేయులు జట్టు ఐదు స్థానాలు గెలిచింది, విశాలాక్షి జట్టు నాలుగు. మిగిలిన ఇద్దరు భూలక్ష్మి, ఆవిడ మాట జవదాటని మనోజ. అధ్యక్షులెవరో ఇక ఆ కమిటీయే తేల్చాలి. బయటి ఊళ్లనుంచి వచ్చినవాళ్ల సంఘం కార్డులు తీసేస్తామని ఆంజనేయులు వాగ్దానం. కార్డు లేకపోతే షూటింగుకు పిలుపు లేదు, పిలుపు లేకపోతే పొయ్యి వెలగదు.

ఆంజనేయులు మిఠాయి డబ్బాతో వచ్చి, మద్దతిస్తే అధ్యక్షురాలి కుర్చీ నీదేనన్నాడు. భూలక్ష్మి గుండె పొంగింది, దాచడమెందుకు? ముప్పై ఏళ్లు నిలబడ్డ మనిషికి కుర్చీ చేదా? అతను తీసేయబోయే పేర్లు చదివాడు. మొదటి పేరు విశాలాక్షి. వింటే సంతోషం కలుగుతుందనుకుంది. కలగలేదు. ఏళ్ల తరబడి ఒకే ఎండలో నిలబడినవాళ్లు మరి. ఇకమీదట ఎన్నికలు కూడా దండగే, ఎత్తేద్దామని అతను ముగించాడు.

"రేపు నా పేరు గిట్ల కొట్టేస్తే, నేనెవర్ని అడగాలె తమ్మీ?"

"నీ పేరెందుకు కొడ్తమక్కా?" అని నవ్వాడు. ఎవర్ని అడగాలో మాత్రం చెప్పలేదు.

మర్నాడు కమిటీలో చేతులెత్తమన్నారు. విశాలాక్షి పేరు వచ్చినప్పుడు భూలక్ష్మి చెయ్యెత్తింది. మనోజ నోరు వెళ్లబెట్టి, తనూ ఎత్తింది. ఆరు ఓట్లతో విశాలాక్షి గెలిచింది.

మెట్ల దగ్గర విశాలాక్షి ఎదురొచ్చి, కొంగు నలుపుతూ నిలబడింది. భూలక్ష్మే ముందు నోరు విప్పింది.

"నీ మీద ప్రేమతోని ఎయ్యలే. రెండేండ్లకు నీ మీదనే నిలబడ్త. నిన్ను ఓడగొడ్త."

"నిలబడు వదినా," అంది విశాలాక్షి కళ్లు తుడుచుకుంటూ. "ఎన్నిక పెట్టించే పూచీ నాది."