మల్లోయి కోట నిచ్చెన

మాసిడోనియాలోని మా బెరోయా ఊళ్లో డెర్దాస్ అనే వడ్రంగి ఉండేవాడు. ఇరవై రెండేళ్లప్పుడు అలెగ్జాండర్ సైన్యం వెంట తూర్పుకు వెళ్లి, రాజు బాబిలోన్‌లో జ్వరంతో పోయాక, నలభైకి దగ్గరపడుతూ ఇల్లు చేరాడు. అక్కడ కత్తి పట్టింది లేదు. నదులు దాటడానికి తెప్పలు కట్టాడు. తూరు పట్టణం గోడల ముందు చక్రాల బురుజులు నిలబెట్టాడు. లెక్కలేనన్ని నిచ్చెనలు చేశాడు.

తిరిగొచ్చాక ఊళ్లో ఒక్కరూ పని ఇవ్వలేదు. ఎందుకో ఆపిల్ తోట మఖాతాస్ చెప్పేదాకా అతనికి తెలియలేదు.

"నీ నిచ్చెనా! వద్దు నాయనా. దాని మీద ఎక్కిన రాజుకే గుండెల్లో బాణం దిగిందట. నా కొడుకులు బతకాలి."

"ఎవడు మామా అన్నది?"

"తిమాండ్రోస్ సంతలో పాడుతున్నాడుగా."

తిమాండ్రోస్ ఊరూరా తిరిగి రాజు విజయాలు పాడేవాడు. సంత రోజున డెర్దాస్ వెళ్లేసరికి పాట సింధునది దాటి మల్లోయివాళ్ల కోట దగ్గరికొచ్చింది. రాజు అందరికంటే ముందు గోడెక్కాడు. వెనక పుచ్చుకర్ర నిచ్చెన విరిగింది. ఒంటరిగా శత్రువుల మధ్యకు దూకాడు. జనం కళ్లు తుడుచుకుంటున్నారు.

"అబద్ధం!" అని అరిచాడు డెర్దాస్. "ఆ నిచ్చెన చేసింది నేను. పుచ్చు లేదు, గిచ్చు లేదు. రాజు ఒక్కడే పైనున్నాడని కంగారుపడి, కవచాలతో ముప్పై మంది ఒక్కసారి ఎగబడ్డారు. ఏ కర్ర ఆగుతుంది?"

"నీ పేరు నేను ఎత్తలేదు కదయ్యా," అన్నాడు తిమాండ్రోస్ నవ్వుతూ.

"ఎత్తాలా? ఈ ఊరి నుంచి పోయిన వడ్రంగిని నేనొక్కణ్ణే!"

పరుగున ఇంటికెళ్లి తను చేసిన నిచ్చెనొకటి మోసుకొచ్చి, సంత గోడకు ఆనించాడు. ఆరుగురు ఎక్కారు. చెక్కుచెదరలేదు. "ఇప్పుడు ఇరవై మంది ఎక్కి చూడండి!" అన్నాడు. కుర్రాళ్లు ఈలలు వేస్తూ ఎగబడ్డారు. పదిహేనోవాడు కాలు పెట్టగానే అది ఫెళ్లున విరిగింది. అందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు.

"చూశారా?" అన్నాడు డెర్దాస్.

"చూశాం, చూశాం! ఇదీ విరిగింది!" అని సంతంతా గొల్లుమంది.

అతని ముఖం జేవురించింది. విరిగిన కర్ర తీసి నేలకేసి కొట్టాడు.

"నవ్వండి! తర్వాత ఏం జరిగిందో ఈయన్ని పాడమనండి. రాజు చచ్చాడనుకుని మనవాళ్లు లోపలికి దూరి, దొరికినవాళ్లని దొరికినట్టు నరికారు. ఆడవాళ్లనీ, చంటిపిల్లల్నీ! నేను చేసిన మిగతా నిచ్చెనలు ఎక్కే వెళ్లారు. పాడవయ్యా, అది పాడు!"

నవ్వులు ఆగిపోయాయి. మఖాతాస్ అతని చెయ్యి పట్టుకుని, "ఊరుకోరా, సంతలో పిల్లలున్నారు," అన్నాడు.

"అక్కడా ఉన్నారు మామా," అని చెయ్యి విదిలించుకుని డెర్దాస్ వెళ్లిపోయాడు.

మరుసటి ఏడు తిమాండ్రోస్ మళ్లీ వచ్చాడు. మఖాతాస్ సంత నుంచి తిన్నగా డెర్దాస్ కొట్టుకు వెళ్లాడు.

"నీ మాట నెగ్గిందిరా! పాటలో పుచ్చుకర్ర తీసేశాడు. దేవుళ్లే నిచ్చెన విరిచారని పాడుతున్నాడు."

"మరి ఆ కోటలో చచ్చినవాళ్ల సంగతి?"

"అది ఎవరు వింటారురా?"

డెర్దాస్ లేచి, మఖాతాస్ ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు.