కన్నడం మాత్రమే తెలిసిన గుర్రం

మా ఇంట్లో గుర్రం పిచ్చి ఎవరిదని అడిగితే అందరూ నా వైపే వేలు చూపిస్తారు. చూపించుకోనీ, నాదే. మా నాన్న ఆదోనిలో స్టేషనుకూ మార్కెట్టుకూ మధ్య జట్కా నడిపేవాడు. బడి లేని రోజు నేనూ బండెక్కేదాన్ని. బరువంతా వెనక పడితే గుర్రానికి కష్టమని, ఎక్కిన ప్రతివాళ్లకూ "ముందుకు జరుగప్పా, ముందుకు జరుగుమ్మా" అని చెప్పేవాడు. నేను ముందుకు జరిగి పగ్గాల మీద చెయ్యి వేయబోతే మాత్రం "ఆడపిల్లవు, ఎనక్కు జరుగు" అనేవాడు. ఆటోలొచ్చి జట్కా పోయింది. ఆ మాట మాత్రం నా కడుపులో అట్లాగే ఉండిపోయింది. నాకిప్పుడు నలభై ఎనిమిదేళ్లు, ఇంకా మరిచిపోలేదు.

ఎమ్మిగనూరు శివారులో మా చేను, చేన్లోనే ఇల్లు. ఎద్దులు అమ్మేశాక కొట్టం ఖాళీగా ఉంటే, "గుర్రం కొందాం, ఇంటిల్లిపాదీ ఎక్కేది. ముందు నేనెక్కుతా" అన్నాను. మా ఆయన మా మేనత్త కొడుకే, నేను బావా అనే పిలుస్తాను. ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు గానీ కాదనలేదు. పన్నెండేళ్ల మా కూతురు ఆ రోజు నుంచే కొట్టం ఊడ్వడం మొదలుపెట్టింది. ఒకటే చిక్కు. గుర్రాల సంగతిలో మా ఆయనకు మామ మాటే వేదం, నాన్న వద్దంటే కొనడు. ఫోన్ చేసి, ఎక్కేది నేనేనని నాన్నకు చెప్పాను. "సూద్దాంలే" అన్నాడు. మా నాన్న నోట ఆ మాట అవునో కాదో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

మొదట ఆదోనిలోనే ఒక తెల్లగుర్రాన్ని చూశాం. పెళ్లి ఊరేగింపులకు తిప్పేది. మా ఆయనకు చూడగానే మనసు పడిపోయింది. అమ్మే అతను ఫోన్లో బ్యాండు పాట పెట్టగానే అది ముందుకాళ్లు రెండూ ఎత్తి నిలబడింది. మా ఆయన చప్పట్లు కొట్టాడు.

నాన్న మూతి విరిచాడు. "పెండ్లికొడుక్కు బాగుంటాది. సంసారం జేసుకునేటోల్లకు ఇదేం గుర్రమప్పా? రోడ్డు మీద ఏ పెండ్లి పోయినా మన పాపను కింద పడేసి చిందులేస్తాది."

"మరి ఎట్లాంటిది కావాలి మామా?" అన్నాడు మా ఆయన.

"వయసు కొంచెం ముదరల్ల. ఎత్తు తక్కువుండల్ల. కోపమొచ్చినా ఎంటనే మరిసిపోవల్ల. నా బిడ్డ మాదిరి ఉండగూడదు."

నాకు ఒళ్లు మండింది. కానీ పని కావాల్సింది నాది కదా, నోరు మూసుకున్నాను.

రెండోది కర్ణాటక సరిహద్దున, హాలహర్విలో దొరికింది. గోధుమరంగు ఆడగుర్రం, బొద్దుగా, నిద్రకళ్లతో ఉంది. నాన్న దాని పళ్లు చూశాడు, సుడులు చూశాడు, నాలుగు గిట్టలూ ఎత్తి చూశాడు. ముఖం ముందు టపీమని గొడుగు తెరిచాడు. మేం పొద్దున తిందామని తెచ్చుకున్న ఉగ్గాని, బజ్జీల పొట్లం దాని చెవి దగ్గర గరగరలాడించాడు. అది బెదరలేదు సరికదా, పొట్లంలోంచి బజ్జీ ఒకటి లాక్కుని తినేసింది. "ఇది మన ఇంటి గుర్రమే" అన్నాడు నాన్న. మా అమ్మాయి అప్పటికే దాని మెడ కౌగిలించుకుని ఉంది. నా ఆనందానికి హద్దు లేదు.

చిన్న లారీలో ఎమ్మిగనూరు తెచ్చి చేన్లో దించాం. అంతే, దించిన చోటే స్తంభంలా నిలబడిపోయింది. పద అన్నాం, పోవే తల్లీ అన్నాం, బెల్లం చూపించాం. చెవి కూడా కదపలేదు. "మీ నాయన ఏరి ఏరి సెవిటి గుర్రాన్ని కొనిపెట్టినాడు" అని మా ఆయన మొదలుపెట్టాడు. నాన్న ముఖం చిన్నబోయింది. ఏళ్ల తరబడి గుర్రాలతో బతికిన మనిషి, తల వంచుకుని గడ్డిపరక తుంచుతూ కూర్చున్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. ఇక నన్నెవరు ఎక్కనిస్తారు? గుర్రాన్ని వెనక్కి పంపేస్తారని గట్టిగా అనుకున్నాను.

నాన్నకు మంచం తెచ్చి వేయమందామని, బోరు దగ్గరికి వెళ్లిన మా ఆయన్ని కేకేశాను. "బావా, బా..."

గుర్రం తల ఎత్తింది. టకటకా నడిచొచ్చి నా భుజం మీద ముక్కు పెట్టింది.

నాన్న ఒక్క క్షణం బిత్తరపోయి చూశాడు. తర్వాత నవ్వు మొదలుపెడితే ఆగలేదు. "హాలహర్వి గుర్రం గదమ్మా, కన్నడమొక్కటే తెలుసు దీనికి. బా అంటే రా అని. అన్నీ సూసినా గానీ మాటొక్కటి సూడల్యా." కళ్లు తుడుచుకుని మాకు పాఠం చెప్పాడు: నడిపించాలంటే నడి, ఆపాలంటే నిల్లు. అవి రెండూ అనగానే గుర్రం బుద్ధిగా నడిచింది, బుద్ధిగా ఆగింది. "ఇంగ నన్ను బావా అని పిలిస్తే ఇద్దరం వస్తాం" అన్నాడు మా ఆయన.

జీను బిగించి, అరుగు పక్కన నిలబెట్టి నన్నెక్కించారు. ఎక్కాక తెలిసింది నా ధైర్యం ఎంతో. జీను వెనక అంచుకు నక్కి కూర్చున్నాను. నాన్న దగ్గరికొచ్చాడు. పగ్గాలు ఆయన చేతిలోనే ఉన్నాయి. నన్ను కిందికి పైకి చూశాడు. దిగమంటాడేమోనని భయపడ్డాను.

"ముందుకు జరుగుమ్మా" అన్నాడు.

పగ్గాలు నా చేతిలో పెట్టాడు.

నేను ముందుకు జరిగాను. నడి అన్నాను. అది నడిచింది. శనగ చేను గట్టు వెంట, నా పగ్గాలతో, నా మాటతో నడిచింది. మా అమ్మాయి పక్కనే పరుగెత్తుతూ నా ముఖం చూసి, "అమ్మా, నీ కండ్లల్లో నీళ్లు" అని అరిచింది.

నిల్లు అని వినబడిందేమో, గుర్రం ఠక్కున ఆగిపోయింది.