గెగ్యాల్ గారి ‘ఇంకా కాలేదు’

గెగ్యాల్ నోట ‘అయింది’ అన్న మాట విన్నవాళ్ళు యార్లుంగ్ లోయ మొత్తం మీద లేరు. పొద్దుటి నుంచీ ఉడుకుతున్న ఎముకల చారు మూత తీసి చూసి “ఇంకా కాలేదు” అంటాడు. పెళ్ళినాడు భార్య యుద్రోన్ ముస్తాబై ఎదురుగా నిలబడితే కూడా అదే మాట అన్నాడు. ముప్ఫై ఏళ్ళయినా ఆవిడ దాన్ని మరిచిపోలేదు.

“నిన్ను పాడె మీద మోసుకుపోతుంటే లేచి కూర్చుని ఇంకా కాలేదంటావు!”

“కట్లు సరిగ్గా బిగిస్తే ఎందుకంటానే?”

ఇంట్లో అయితే సరే, ఆయన రాజుగారి గుర్రపుశాలకు పెద్ద. ఆ రాజ్యంలో ఆచారమేమో గట్టిది. రాకుమారుడు సొంతంగా కళ్ళెం పట్టి మైదానం ఒక చుట్టు తిరిగిననాడు వాడే రాజు. తండ్రి ఆ సాయంత్రమే సమాధి గుహలోకి నడిచి వెళ్ళాలి, వెనక తలుపు మూసేస్తారు. స్వారీ వచ్చిందో లేదో తేల్చాల్సింది గెగ్యాలే.

రాకుమారుడు సెలేకి మీసాలొచ్చాయి గానీ స్వారీ మాత్రం ‘ఇంకా కాలేదు’. మొదటి ఏడు జీను వంకర అన్నాడు గెగ్యాల్. రెండో ఏడు గుర్రానికి మనసు బాగాలేదన్నాడు.

“గుర్రానికి మనసేమిటయ్యా?” అని గుడ్లురిమాడు మంత్రి. కుర్రరాజును చెప్పుచేతల్లో పెట్టుకోవాలని ఆయన ఆత్రం.

మూడో ఏడు మంత్రి తన గుర్రాన్నే తోలుకొచ్చాడు. “ఎక్కించు!”

చూడవచ్చిన జనంలో యుద్రోన్ కూడా ఉంది. ఆ పొద్దున పాలకు వెళ్తూ ఆవిడ కళ్ళారా చూసింది, ఎగువ పచ్చికలో సెలే గుర్రాన్ని వాగు దూకించడం. అయ్యో, రాజుగారి పని అయిపోయిందే అనుకుంది. రాజు ముఖం పాలిపోయింది.

సెలే ఎక్కి పది బారలు వెళ్ళాడు. ధబ్! మళ్ళీ ఎక్కాడు, తోక మీదుగా జారాడు. మూడోసారి సరిగ్గా మంత్రిగారి ఒళ్ళో పడ్డాడు.

“చెప్పానా దొరా, ఇంకా కాలేదు,” అన్నాడు గెగ్యాల్.

“వచ్చే ఏడు చూస్తాలే!” మంత్రి నడుం పట్టుకుని కుంటుకుంటూ వెళ్ళాడు. రాజు ఊపిరి వదిలిన చప్పుడు మైదానమంతా వినబడింది.

ఇంటికి రాగానే యుద్రోన్ నిలదీసింది. “మూడుసార్లు పడ్డాడు, ఒంటిమీద గీత లేదు. ఏమిటయ్యా ఇది?”

“స్వారీ పదిహేను రోజుల్లో వచ్చేసిందే వాడికి. ‘మా నాన్న నాక్కావాలి’ అని నా కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. మూడేళ్ళుగా నేర్పుతున్నది పడటమే.”

“ఎన్ని రకాలొచ్చేమిటి?”

“ఇవాళ మూడే చూపించాడు. ఇంకా ఇరవై ఉన్నాయి. రాజుగారు పళ్ళూడేదాకా సుఖంగా ఉంటారు.”

యుద్రోన్ కళ్ళు తుడుచుకుని, పకపకా నవ్వి చారు వడ్డించబోయింది. గెగ్యాల్ మూత తీసి చూశాడు.

“ఇంకా కా...”

“తెలుసులే,” అంటూ ఆవిడ కుండను మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.